కథల్లో వర్ణన: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కథలు రాస్తున్నవాళ్ళ ప్రతులు చదివి అభిప్రాయం చెప్పే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఎత్తుగడ గురించీ ముగింపు గురించీ ఒక్కొక్కరు ఒక్కో సందేహం అడుగుతారు. వర్ణన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరివీ అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. రాయకముందు, రాస్తున్నప్పుడు, మనుషుల్ని పరిచయం చేస్తున్నప్పుడు, తిరగరాస్తున్నప్పుడు వచ్చే ప్రశ్నల్ని విడివిడిగా సర్దాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## రాయడం మొదలుపెట్టకముందు

ఈ రోజుల్లో వర్ణనలు ఎవరు చదువుతారండీ? దాటేసి సంభాషణలకి వెళ్ళిపోతారు కదా?

పాఠకులు దాటేసేది పనిలేని వర్ణనని. కథ మొదట్లో సూర్యోదయం గురించి మూడు పేరాలు రాస్తే ఎవరైనా దాటేస్తారు. ఆ సూర్యుడు ఎవరికోసం ఉదయిస్తున్నాడో వాళ్ళకి ఇంకా తెలియదు. అదే, కొత్తకోడలు అత్తగారింట్లో మొదటిరోజు పొద్దున్నే వంటింట్లో ఒక్కతే నిలబడి, ఎవరినీ లేపకుండా పంచదార డబ్బా కోసం వెతుకుతోందనుకోండి. అప్పుడు ప్రతి అర, ప్రతి డబ్బా, మూత తీస్తే లోపల కనిపించిన మెంతులు, అన్నీ చదువుతారు. ఆమెతోపాటు వాళ్ళూ వెతుకుతున్నారు కాబట్టి. రెండోదీ వర్ణనే. కాకపోతే అందులో ఒక మనిషి ఉంది, ఆమెకి ఒక అవసరం ఉంది.

మన ప్రబంధాల్లో పేజీలకి పేజీలు వర్ణనలే కదా? వాళ్ళు రాస్తే గొప్ప, మనం రాస్తే తప్పా?

నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ, వివాహం, యుద్ధం... ఇలా అష్టాదశ వర్ణనలు ఉండాలన్నది ప్రబంధానికి నియమం. దానికి మూలాలు సంస్కృత ఆలంకారికుడు దండి రాసిన ‘కావ్యాదర్శం’లోనే ఉన్నాయి. ప్రబంధం వినే రసికుడికి కథ ముందే తెలుసు. తరవాత ఏమవుతుందన్న ఆత్రం లేదు. ఒక్కో పద్యాన్ని విడిగా ఆస్వాదించడానికే కూర్చున్నాడు. మీ కథ చదివేవారి చేతిలో పది నిమిషాలున్నాయి, తరవాత ఏమవుతుందో వాళ్ళకి తెలియదు. అందుకని కొలతలు మారతాయి.

అయితే ఆ సంప్రదాయాన్ని పక్కన పెట్టేయమని నేను అనను. అందులో ‘స్వభావోక్తి’ అని ఒక అలంకారం ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు, దాని కదలికతో సహా పట్టుకోవడం. పోలిక లేదు, అతిశయోక్తి లేదు, అయినా దాన్ని అలంకారమన్నారు. దండి తన అలంకారాల వరసలో మొదట చెప్పింది దాన్నే. నాకైతే కథకులు ప్రబంధాల నుంచి నేర్చుకోవలసినది ఇదేననిపిస్తుంది. చెవులు రిక్కించిన లేడి, పాలు తాగుతూ పొదుగును కుమ్మే దూడ కనిపించే పద్యాల్ని వెతికి చదవండి. ఏ క్రియ ఎక్కడ పడిందో చూడండి.

గమనించడం అలవాటు చేసుకోమంటారు. అసలు ఏం గమనించాలి?

పని చేస్తున్న చేతుల్ని. సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గర పావుగంట నిలబడండి. నూనె కాగిందో లేదో చూడటానికి అతను రెండు చుక్కల పిండి మూకుట్లో విదిలిస్తాడు. అవి వెంటనే పైకి తేలితేనే మిరపకాయ అందుకుంటాడు. తొడిమ పట్టుకుని పిండిలో ముంచి, ఒకవైపు గిన్నె అంచుకి రాసి, నూనెలోకి జారవిడుస్తాడు. డబ్బులు ఎడమచేత్తో తీసుకుంటాడు, కుడిచేతికి పిండి ఉంటుంది కదా. ఇందులో ఒక్కటి కూడా ఇంట్లో కూర్చుంటే తట్టదు.

నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు విశేషణాలు వద్దు. ‘అందమైన’, ‘రద్దీగా ఉన్న’, ‘దయనీయమైన’ అని రాసుకుంటే నెల తరవాత ఆ మాటలు మీకు ఏదీ గుర్తు చేయవు. వస్తువుల పేర్లు, చేసిన పనులు రాసుకోండి. ‘ఎడమచేత్తో చిల్లర’ అన్న రెండు మాటలు చాలు, బండి మొత్తం వెనక్కి వస్తుంది.

ప్రకృతి వర్ణనలో తప్పులు దొర్లకుండా ఏం చూసుకోవాలి?

మొదట చంద్రుణ్ణి చూసుకోండి. నాకు కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే. నెలవంక అర్ధరాత్రి నడినెత్తిన ఉండదు. విదియ, తదియల్లో పొద్దుగూకాక పడమర కనిపించి రాత్రి మొదటి జాములోనే దిగిపోతుంది. శుద్ధ అష్టమినాటి సగం చంద్రుడు సాయంత్రానికే నడినెత్తికి వచ్చి, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పున్నమి చంద్రుడు సూర్యుడు దిగుతుండగా తూర్పున లేస్తాడు. బహుళ అష్టమికి చంద్రోదయమే అర్ధరాత్రి. దీపావళి అమావాస్య కాబట్టి ఆ రాత్రి వెన్నెల రాయకూడదు. శివరాత్రి బహుళ చతుర్దశి, జాగరణ చేసేవాళ్ళకి తెల్లవారుజామున సన్నటి చీలిక తప్ప వెన్నెలంటూ ఉండదు. బతుకమ్మ మొదలయ్యేది అమావాస్యనాడు. చివరిరోజు, సద్దులనాటికి సగం చంద్రుడు వస్తాడు. మీ కథ తొమ్మిది రోజులూ నడిస్తే రోజురోజుకీ పెరిగే వెన్నెల మీకు ఉచితంగా దొరికిన వివరం.

తరవాత దిక్కులు. విశాఖ బీచిలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో అస్తమించడు. మన తీరమంతా దాదాపు అంతే. రాజమండ్రి గోదావరి గట్టున నిలబడితే ఇది తిరగబడుతుంది. పొద్దు గుంకేది నదికి అవతల, కొవ్వూరు వైపు.

ఆపైన పూతలు, పంటలు, వానలు. మామిడి పూత సంక్రాంతి రోజుల్లో కనిపిస్తుంది, వేపపూత ఉగాదికి. మోదుగలు ఎర్రబడేది ఫాల్గుణంలో. తంగేడు బతుకమ్మ నాటికి విరగబూస్తుంది. గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా అన్నవాటిని తెలంగాణలో వానాకాలం పంట, యాసంగి అంటారు. రాష్ట్రమంతటా జూన్‌లోనే కుండపోతలు పడవు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తాయి. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అక్కడి రైతు మబ్బుని చూసే చూపూ, కోనసీమ రైతు చూసే చూపూ ఒకటి కావు. మీ వర్ణన ఆ తేడా దగ్గరే మొదలవుతుంది.

పాతకాలం కథ రాస్తున్నాను. వివరాలు ఎంతవరకు సరిచూసుకోవాలి?

పాత్రలు చేత్తో ముట్టుకునే ప్రతిదాన్నీ. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు జరిగే కథలో కొట్టువాడు అణాల్లో, బేడల్లో చెప్పాలి. విజయవాడ 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలోదే, సిద్దిపేట 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలోది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. అప్పటి కథలో ఆ ఊళ్ళ పేర్లు వస్తే పాఠకులు ఆ సంవత్సరాన్ని మరిచిపోరు. సరిచూసుకున్నదంతా కథలో పెట్టాలని మాత్రం లేదు. కాలాన్ని నమ్మించడానికి గూట్లో కిరసనాయిలు బుడ్డి, మసిబారిన చిమ్నీని ముగ్గుతో తుడుస్తున్న పిల్ల చాలు.

## మొదటి ప్రతి రాస్తున్నప్పుడు

ఒక ఇంటిని వర్ణించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వీధి గుమ్మం నుంచి పెరటిదాకా వరసగా చెప్పాలా?

చూస్తున్నది ఎవరో తేల్చుకోండి. వరస దానంతటదే వస్తుంది. ఒక పాత పెంకుటిల్లు తీసుకుందాం. కొనడానికి వచ్చినాయన చూస్తే ఇలా ఉంటుంది:

“తూర్పు వాకిలి, ముందు ఇరవై అడుగుల రోడ్డు. గోడలు మట్టివే, పడగొట్టడానికి ఒక్కపూట. నుయ్యి పూడిస్తే రెండు కార్లు పడతాయి.”

అమ్మడానికి సంతకం పెట్టాల్సిన కూతురు చూస్తే:

“నూతి గిలకకి తాడు లేదు. చప్టా పగుళ్ళలో గడ్డి మొలిచింది. అమ్మ కూర్చుని గిన్నెలు తోమే చోట రాయి ఒక పక్కకి అరిగిపోయి నున్నగా ఉంది.”

రేపో మాపో ఖాళీ చేయాల్సిన అద్దెకున్నావిడ చూస్తే:

“చివరి గదిలో మంచం ఎక్కడ వేసినా కురుస్తుంది. గచ్చు మీద మంచం కోళ్ళు గీసిన గీతలు, ఏ వానకి ఎటు జరిపారో చెబుతూ.”

ఇల్లు ఒక్కటే. దిగులు, ఆశ, విసుగు అన్న మాటలు ఎక్కడా వాడలేదు. ఎవరి మనసు ఎలా ఉందో మాత్రం తెలిసిపోయింది. ఏది ముందు కనిపించింది, ఏది అసలు కనిపించలేదు అన్నదే మనిషిని పట్టిస్తుంది. కొనేవాడి కంటికి ఆ అరిగిన రాయి ఎప్పటికీ కనపడదు. వర్ణన గురించి ఒక్కటే మాట చెప్పమంటే నేను చెప్పేది ఇదే. ముందు కళ్ళు ఎవరివో తేల్చుకోండి.

ఎన్ని వివరాలు ఇస్తే సరిపోతుంది?

చిన్న కథలో ఒక చోటుకి రెండో మూడో. వాటిలో ఒకటి పాఠకులు ఊహించనిది కావాలి. గవర్నమెంటు ఆఫీసు అనగానే ఫైళ్ళు, ఫ్యాను, దుమ్ము వాళ్ళే వేసుకుంటారు. బీరువా తలుపు మూసుకోవడానికి మడిచి పెట్టిన పాత క్యాలెండరు ముక్క మీరు వేయాలి.

నాకు కళ్ళకి కనిపించేదే రాయడం వస్తోంది. వాసన, చప్పుడు, స్పర్శ ఎలా తేవాలి?

చప్పుడుతోనే కథ మొదలుపెట్టవచ్చు. గురజాడ ‘దిద్దుబాటు’ (1910) అలాగే మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక మూసిన తలుపు ముందు నిలబడి ఒక మనిషి ‘తలుపు, తలుపు’ అని పిలుస్తాడు. లోపలి నుంచి గడియారం ఒంటిగంట కొడుతుంది. ఆ ఇంటి రూపురేఖలు మనకి ఒక్కటీ చెప్పలేదు, అయినా ఆ గుమ్మంలో నిలబడిపోతాం.

వాసనలు పాత్ర జీవితంలోంచి రావాలి. తొలకరికి తడిసిన మట్టివాసన ఇప్పటికే లెక్కలేనన్ని కథల్లో ఉంది, కాస్త విశ్రాంతినివ్వండి. బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన, పక్కవాటాలోంచి ఇంగువ పోపు, కొత్త సున్నం వేసిన గది, ఆస్పత్రి వార్డులో ఫినాయిల్ మీద తేలే సంపెంగ నూనె. ఒక్కోదాని వెనక ఒక్కో ఇల్లుంది. స్పర్శకైతే పాదాల్ని గుర్తుంచుకోండి. మన కథల్లో మనుషులు ఎక్కువగా చెప్పులు లేకుండా ఇంట్లో తిరుగుతారు. మధ్యాహ్నపు డాబా, కడిగిన గచ్చు, పేడ అలికి ఇంకా ఆరని వాకిలి, అన్నీ పాదాలకి తెలుస్తాయి. అయిదు ఇంద్రియాలనీ ఒకే పేరాలో హాజరు వేయించే ప్రయత్నం వద్దు.

‘చెప్పకు, చూపించు’ అంటారు. ప్రతి భావాన్నీ చూపించాల్సిందేనా?

ఈ సలహా బయటినుంచి వచ్చిందని అనుకుంటారు గానీ మన నాట్యశాస్త్రంలో భరతుడు దీన్ని ఎంతో లోతుగా విడమరిచాడు. భావం లోపలిది. అది బయటికి తెలిసేది అనుభావాల ద్వారా, అంటే చూపు, కదలిక, మాట తీరు ద్వారా. మనిషి ఆపుకున్నా ఆగని సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం (ఒళ్ళు గగుర్పొడవడం), స్వరభేదం (గొంతు మారడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (ముఖం రంగు పోవడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). మన కథల్లో మనం కన్నీటినే అరగదీస్తాం. కొయ్యబారిపోవడం, గొంతు మారిపోవడం, ముఖం రంగు పోవడం అంతగా వాడం.

‘సుబ్బలక్ష్మికి కాళ్ళకింద భూమి కంపించినట్టయింది’ అని రాసే బదులు:

“నగల గడువు దాటిపోయిందనీ, వేలానికి వెళ్ళిపోయాయనీ బ్యాంకు గుమస్తా చెప్పాడు. సుబ్బలక్ష్మి చేతిలో కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది. ‘సంతకం ఎక్కడ పెట్టమంటారు బాబూ?’ అంది. అతను సంతకం మాటే ఎత్తలేదు.”

ఇక్కడ ఆమె మనసు విన్నది వినలేదని పాఠకులే గ్రహిస్తారు. ఆ గ్రహించడంలోనే వాళ్ళు ఆమెకి దగ్గరవుతారు.

ప్రతిచోటా ఇలా చేస్తే కథ ముందుకు కదలదు. కాలం గబగబా దాటాల్సిన చోట హాయిగా చెప్పేయండి. ‘ఆ నెల్లాళ్ళూ ఇంట్లో ఎవరికీ నిద్రలేదు’ మంచి వాక్యమే. కథ మలుపు తిరిగే రెండు మూడు చోట్ల మాత్రం నిలబడి చూపించండి.

గలగల, జలజల, చిటపటలాంటి మాటలు వాడితే పిల్లల కథలా ఉంటుందా?

ఉండదు. ఇవి తెలుగుకి పెద్ద బలం, సిగ్గుపడి వదులుకోవద్దు. అరిగిపోయిన జంటలతోనే ఇబ్బంది. సెలయేరు గలగల, ఆకులు గలగల, గాజులు గలగల అని రాస్తే పాఠకులకి ఏదీ వినపడదు. నిజంగా విని రాయండి. ఎండుటాకుల మీద ఉడత పరిగెత్తితే ఏ చప్పుడు వస్తుంది? రేకుల షెడ్డు మీద మొదటి చినుకులకీ, పూరి కప్పు మీద పడే వానకీ తేడా ఏమిటి? పూరి కప్పు మీద వాన దాదాపు నిశ్శబ్దం, చూరు నీళ్ళు నేల మీద పడ్డాకే తెలుస్తుంది. వానకే మనకెన్ని పేర్లు చూడండి: తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, గాలివాన. సరైన పేరు పడితే పక్కన విశేషణమే అక్కర్లేదు.

పోలికలు ఎక్కడినుంచి తేవాలి? నావన్నీ పాతగా అనిపిస్తున్నాయి.

పాత్ర బతుకులోంచి. మగ్గం మీద పనిచేసే మనిషికి తెగిన పడుగు గుర్తొస్తుంది, సముద్రం మీదికి వెళ్ళే మనిషికి వల బరువు. చందమామ ముఖం, దొండపండు పెదవులు, కోకిల కంఠం చదివేవాళ్ళ కంటికి ఆనవు. పేజీకి ఒక్క పోలిక చాలు. అది కుదరకపోతే పోలిక లేకుండా వస్తువు పేరు చెప్పండి.

నా వర్ణనలో వాక్యాలన్నీ ‘ఉంది’, ‘ఉన్నాయి’ అనే ముగుస్తున్నాయి. ఎలా మార్చాలి?

తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ చిక్కు అందరికీ ఎదురవుతుంది. ఒక ఉదాహరణ:

“అది ఒక పాత బస్టాండు. అందులో నాలుగు సిమెంటు బల్లలు ఉన్నాయి. ఒక మూల టీకొట్టు ఉంది. గోడ మీద బస్సుల వేళలు రాసి ఉన్నాయి. వాటి మీద సినిమా పోస్టరు అంటించి ఉంది. అక్కడ ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.”

తప్పేమీ లేదు, కానీ జాబితా చదివినట్టుంది. ఇలా మార్చి చూద్దాం:

“పాత బస్టాండు. నాలుగు సిమెంటు బల్లలు, మూల మీద టీకొట్టు. గోడ మీద రాసిన బస్సుల వేళల్ని సగం దాకా సినిమా పోస్టరు కప్పేసింది. మిగిలిన సగంలో తన ఊరిపేరు కోసం వేలు పెట్టి వెతుక్కుంటున్నాడొక ముసలాయన.”

చేసినవి మూడు పనులు. క్రియ లేకుండా వాక్యం పూర్తిచేసే వీలు తెలుగుకుంది, మొదటి రెండు వాక్యాల్లో దాన్ని వాడుకున్నాం. పోస్టరుకి ‘ఉండటం’ తీసేసి ఒక పని ఇచ్చాం. చివర కర్తని వాక్యం ఆఖరికి జరిపాం, దాంతో చూపు గోడ మీంచి వేలి మీదికి, వేలి మీంచి మనిషి మీదికి వెళ్ళింది. క్రియలేని వాక్యాలు వరసగా నాలుగైదు వస్తే మళ్ళీ అదీ ఒక ధోరణి అయిపోతుంది, చూసుకోండి.

ఒకే వాక్యంలో విశేషణాలు పేరుకుపోయి చదవడానికి కష్టంగా ఉందంటున్నారు. ఎక్కడ విరగ్గొట్టాలి?

కన్ను ఆగే చోట. “చింతచెట్టు కింద తెల్లపంచె కట్టుకుని భుజాన ఎర్రతువ్వాలు వేసుకుని చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్న బక్కపలచని ముసలాయన రామయ్యను చూసి నవ్వాడు” అన్న వాక్యంలో మనిషి కనపడేసరికి పాఠకులు పంచె రంగు మరిచిపోతారు. చూసిన వరసలో విప్పండి: “చింతచెట్టు కింద ఎవరో. తెల్లపంచె, భుజాన ఎర్రతువ్వాలు. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, ముసలాయన. రామయ్యను చూసి, కర్ర మీద బరువు మోపి నవ్వాడు.” దూరం నుంచి దగ్గరికి నడిచిన అనుభవం కూడా దానితోపాటు వచ్చింది.

మా ప్రాంతం మాటలు వర్ణనలో వాడితే మిగతావాళ్ళకి అర్థమవుతుందా?

అర్థమవుతుంది, వాడండి. అర్ర, దర్వాజ, గూనపెంకల ఇల్లు అంటే ఒక లోకం. మండువా లోగిలి, వసారా, పెరడు అంటే ఇంకోటి. మట్టిమిద్దె, దాని పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి అంటే మరోటి. మాట పక్కన ఒక పని పెడితే చాలు: “గవాచిలోంచి పడ్డ ఎండ తొట్టిల దాకా జరిగింది, పిల్లాడు లేచే వేళయింది.” కడప జిల్లా ఎన్నడూ చూడని పాఠకురాలికి కూడా గవాచి ఏమిటో తెలిసిపోతుంది. కింద అర్థాలిచ్చి చదువుకి అడ్డం పడకండి.

సినిమా దృశ్యంలా రాస్తే బాగుంటుందా?

కదలిక కోసం సినిమా నుంచి నేర్చుకోవచ్చు. కానీ ఆకాశం నుంచి ఊరంతా చూపించి, నెమ్మదిగా ఒక ఇంటి మీదికి దిగే ఎత్తుగడ కథలో చాలాసార్లు నీరసంగా ఉంటుంది, ఆకాశంలో ఉండి చూస్తున్న మనిషెవరూ లేరు కాబట్టి. వాసన, బరువు, జ్ఞాపకం, ఇవి కథకి మాత్రమే దొరికిన సౌకర్యాలు.

అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి చలికాలం తెలుగులో రాస్తే ఇంట్లోవాళ్ళకి అందడం లేదు.

మంచు ఎంత తెల్లగా ఉందో రాయకండి, దానితో మీ పాత్ర పడే పాట్లు రాయండి. ఉద్యోగానికి వెళ్ళేముందు పారతో కారుకి దారి చేసుకోవడం, రోడ్డు మీద చల్లిన ఉప్పు బూట్ల మీద తెల్లటి చారలు కట్టడం, సాయంత్రం నాలుగున్నరకే చీకటిపడ్డాక అక్కడికి వచ్చిన అత్తగారు దీపం ఎప్పుడు పెట్టాలో తెలియక గడియారం కేసి చూడటం. ఆ చివరిది గుంటూరులో కూర్చుని చదివేవాళ్ళకి కూడా వెంటనే తగులుతుంది.

## మనుషుల్ని పరిచయం చేస్తున్నప్పుడు

పాత్ర రూపురేఖలు మొదట్లోనే చెప్పాలా?

అక్కర్లేదు. ఎత్తు, రంగు, ముక్కు తీరు వివాహ ప్రకటనలో కావాలి. కథలో ఒక అలవాటు చాలు: మాట్లాడుతూ ఎదుటివాళ్ళ చొక్కా గుండీ సరిచేసే మనిషి, తిన్నాక పళ్ళెంలో చేయి కడుక్కోకుండా కంచం చేత్తో పట్టుకునే పెరట్లోకి వెళ్ళే ముసలాయన. పాత్ర అద్దం ముందు నిలబడి తనని తాను వర్ణించుకునే పద్ధతి మాత్రం మానేయండి. రోజూ చూసుకునే ముఖాన్ని ఎవరూ అలా చూసుకోరు.

‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అని రాస్తే ఒక పాఠకురాలు అభ్యంతరం చెప్పారు. ఎందుకు?

ఆ ‘ఉన్నా’ వల్ల. నలుపు ఒక లోపమనీ, కళ దాన్ని పూడ్చిందనీ రచయిత స్వయంగా తీర్పు చెప్పినట్టయింది. ఆమె అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. ఆ తీర్పు కథలో ఒక పాత్రదైతే, పెళ్ళిచూపులకి వచ్చిన పిన్నిగారి నోట్లో పెట్టండి, అప్పుడది ఆవిడ గురించి చెబుతుంది. కథనంలో మాత్రం ఉంచకండి.

అతను, ఆయన, వాడు... కథనంలో ఏది వాడాలి?

ఎవరి చూపులోంచి కథ నడుస్తోందో వాళ్ళు మనసులో ఏమనుకుంటారో అది. కోడలి చూపులో ‘మామగారు’, ‘ఆయన’. చిన్ననాటి స్నేహితుడి చూపులో అదే మనిషి ‘వాడు’. ఏళ్ళ తరబడి ‘ఆయన’ అన్న భార్య ఒక రోజు మనసులో ‘ఇతను’ అనుకుందంటే, అది చాలా పెద్ద సంఘటన. పేరా వర్ణన అవసరం లేకుండానే పాఠకులు ఉలిక్కిపడతారు.

పేదింటిని వర్ణిస్తే ‘జాలి పుట్టించేలా ఉంది’ అంటున్నారు. నా ఉద్దేశం అది కాదు.

బయట నిలబడి చూస్తున్నారేమో గమనించండి. చిరిగిన చాప, సొట్ట గిన్నెలు, కారే కప్పు అంటూ లేనివాటి లెక్క తీసేది బయటినుంచి వచ్చినవారి కన్ను. ఆ ఇంట్లో బతికే మనిషికి ఏది ఎలా పనికొస్తుందో తెలుసు. సొట్ట గిన్నె బియ్యం కొలవడానికి సరిగ్గా సరిపోతుంది, అందుకే పారేయలేదు. చాప చిరుగు గోడవైపు తిప్పి పరుస్తుంది. ఆ నేర్పు రాస్తే పేదరికం దానంతటదే కనిపిస్తుంది, మనిషి గౌరవంతో నిలబడుతుంది.

## తిరగరాసేటప్పుడు

రాసిన వర్ణనలో ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో ఎలా తెలుస్తుంది?

కాశ్మీరానికి చెందిన సంస్కృత కవి క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ‘ఔచిత్యం’ మీద ఒక గ్రంథమే రాశాడు. ఏ అలంకారమైనా తగిన చోట ఉంటేనే అందం అన్నది దాని సారం. ఆచరణలో నేను చేసేది ఇది. వర్ణన పేరాని వేలితో మూసి, ముందు వాక్యం నుంచి తరవాతి వాక్యానికి నేరుగా చదువుతాను. కథకి ఏ లోటూ తెలియకపోతే ఆ పేరా ఎంత అందమైనదైనా తీసేయమంటాను. వేరే ఫైల్లో దాచుకోండి, ఇంకో కథకి పనికొస్తుంది. ఏదో తగ్గినట్టు అనిపిస్తే, తగ్గినదేమిటో చూసి ఆ ఒక్క వాక్యం వెనక్కి తెండి.

గొడవ, ప్రమాదంలాంటి వేగమైన ఘట్టాల్లో వర్ణన పూర్తిగా ఆపేయాలా?

తగ్గించండి, ఆపకండి. అలాంటి క్షణాల్లో మనుషులకి సంబంధంలేని చిన్న వస్తువు విపరీతంగా స్పష్టంగా కనిపిస్తుంది. బైకు పడిపోయాక రోడ్డు మీద దొర్లుతున్న టిఫిన్ గిన్నె మూత, అది ఆగేదాకా చూస్తూ ఉండిపోవడం. చిన్న వాక్యం, ఒక్క వస్తువు, అంతే.

వారపత్రికకి పంపాలి, నిడివి ఎక్కువైంది. వర్ణనే కోయాలా?

ముందు సంభాషణల్లో పలకరింపులు కోయండి, “బాగున్నావా?”, “ఆ, బాగున్నా, నువ్వెలా ఉన్నావ్?” దగ్గర మొదలుపెట్టి. తరవాత రెండేసి మాటల్లో ఒకే అర్థమిచ్చే విశేషణాలు. వర్ణనలో వస్తువుల పేర్లని చివరిదాకా కాపాడుకోండి.

పంపేముందు చివరిసారి ఏం చేయాలి?

పైకి చదవండి, వీలైతే ఇంట్లో ఎవరిచేతైనా చదివించుకుని వినండి. కథ ముందుగా తెలియని మనిషి అయితే మంచిది. వర్ణన దగ్గర వాళ్ళ గొంతు జోరందుకుని పేరా చివరికి పరిగెత్తుతోందంటే అక్కడ విసుగొస్తోందని అర్థం. ఊపిరి అందక మధ్యలో ఆగితే వాక్యం పొడవు. ఒక మాట దగ్గర ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివితే, అర్థం కాకనా, నచ్చా అని అడగండి. పెన్సిలుతో ఆ చోట్లు గుర్తుపెట్టుకుని, వాళ్ళు లేచి వెళ్ళాక సరిదిద్దండి. వాళ్ళ ఎదురుగా సమర్థించుకోవడం మొదలుపెడితే తరవాతి పేరా నిజాయితీగా చదవరు.